పంపుట, ఉంచుట: ఒక లాటిను క్రియ కథ



ఈ శతాబ్ది దినములలో మన నోట మాటిమాటికి వచ్చుచున్న మాట 'మిషను'. దాని పుట్టిల్లు ఎక్కడో కొంచెము విచారించుదము.

దీనికి మూలము 'మిత్తెరె' అను లాటిను క్రియ. విడిచిపెట్టుట, పంపుట అని అర్థము. యోహాను సువార్త 20వ అధ్యాయము 21వ వచనము చూడుడి. తండ్రి కుమారుని పంపుటకు ఒక మాట, కుమారుడు శిష్యులను పంపుటకు వేరొక మాట గ్రీకులో ఉన్నవి. లాటిను బైబిలులో రెంటికిని ఈ ఒక్క క్రియయే. ఆరాధన ముగియగానే జనులను సెలవిచ్చి పంపునప్పటి 'మిస్సా' అను మాటయు దీని బిడ్డయే. పోను పోను ఆ సెలవు మాటయే ఆరాధన అంతటికి పేరైనది. ఇటలీలో మెస్సా, స్పెయినులో మీసా అందురు.

అయితే లాటిను పలు భాషలుగా చీలిన తరువాత ఒక వింత జరిగినది. ఫ్రెంచివారి 'మెత్ర్', ఇటలీవారి 'మెత్తెరె' అనగా పంపుట కాదు, పెట్టుట, ఉంచుట. స్పానిషు 'మెతేర్' అనగా లోపల పెట్టుట. భోజనపు బల్ల మీద పెట్టిన వంటకమునకు పాత ఫ్రెంచిలో ఈ క్రియ నుండి వచ్చిన పేరే ఇంగ్లీషులో 'మెస్' అయి, మన హాస్టళ్ల వరకు వచ్చినది. రుమేనియా భాషలో మాత్రము 'త్రిమితె' అను రూపములో పంపుట అను అర్థము నిలిచినది. ఫ్రెంచి, స్పానిషు వారు పంపుటకు, దారి అను అర్థముగల 'వియా' నుండి వేరే క్రియలు చేసికొనిరి.

మన 'మిషను' నడిచినదియు ఆ దారినే కదా! పంపబడిన పనికి పేరైన మాట, మన ఊళ్లలో గోడ, గేటు ఉన్న స్థలమునకు పేరైనది. మిషను బడి, మిషను ఆసుపత్రి పెద్దలు కట్టి ఉంచిన మేలులే; వాటిని చిన్నచూపు చూడము. కాని ఈ సంచిక కొరకు మా సంఘపు వివరములు వ్రాయ కూర్చున్నప్పుడు, భవనముల పట్టిక ఒక్క పూటలో ముగిసినది. గత పదేండ్లలో గేటు బయటికి మేము పంపిన వారి పేర్లు వ్రాయబోగా కలము ఆగినది.

ఆ ఖాళీ పుట అట్లే ఉంచితిమి. ఇక సెలవు.