లేబుల్ అంటే మన సంఘం సంతకం
(వార్షిక మహాజన సభలో మన సరుకుల పేరు, లేబుల్ విషయమై చేసిన ప్రసంగ పాఠం)



ఇందాక నన్ను "డిజైనర్ మేడమ్" అని పరిచయం చేశారు. నేను మేడమ్‌ను కాదక్కా. ఎమ్మిగనూరులో మగ్గం పక్కన పెరిగిన పిల్లను. మా నాయన నేసేవాడు. మా అమ్మ మీలాగే పొదుపు సంఘం సభ్యురాలు. ఆమె సంఘంలో తీసుకున్న అప్పుతోనే నేను హైదరాబాదుకు పోయి డిజైన్ పని నేర్చుకున్నాను. కాబట్టి ఈ రోజు నేను చెప్పేది మీకు పాఠం అనుకోవద్దు, మీ అప్పుకు కడుతున్న కంతు అనుకోండి.

చదువయ్యాక సంప్రదాయ వస్తువులు అమ్మే ఒక దుకాణాల కంపెనీలో చేరాను. చేనేత చీరలు, ఇత్తడి సామాన్లు, కొయ్యబొమ్మలు, పచ్చళ్లు, పొడులు అన్నీ అమ్ముతారు. సంచీల మీద బొమ్మలు, చీరల పెట్టెలు, డబ్బాల లేబుళ్లు, దుకాణం బోర్డులు చేయడం నా పని. ఒకసారి వేరుశనగ పొడికి లేబుల్ చేయమన్నారు. ముగ్గు వేసి, మధ్యలో ఒక ముసలమ్మను గీశాను. ఆమెకు పెద్ద బొట్టు, ముక్కుపుడక, చేతిలో రోకలి. చాలా బాగుందన్నారు. ఆ ముసలమ్మ ఏ ఊరామె అని ఎవరూ అడగలేదు. నేనూ అనుకోలేదు.

పండక్కి ఇంటికి పోతూ ఆ పొడి ప్యాకెట్ తీసుకుపోయాను. మా అమ్మ ఒక చిటికెడు నోట్లో వేసుకుని ఆగిపోయింది. "పాపా, ఇది మా పొడే. ఎల్లిగడ్డ పొట్టు తీయకుండా దంచేది మేమే" అనింది. విచారిస్తే నిజమే. మా సంఘం దంచిన పొడిని ఒక మధ్య వ్యాపారి మూటల్లో కొని పట్నానికి పంపుతున్నాడు. మా అమ్మ ప్యాకెట్ తిప్పి తిప్పి చూసి, "ఇంత పెద్ద బొమ్మ ఏసినావు, మా పేరు యాడ పెట్టినావే?" అని అడిగింది. వెనక సన్న అక్షరాల్లో కంపెనీ చిరునామా ఉంది. మా ఊరు లేదు, మా సంఘం లేదు. ధర మాకిచ్చినదానికి రెండింతల పైన ఉంది. ఆ లేబుల్ వేసింది నేనే. ఆ రోజు మా అమ్మకు నేను జవాబు చెప్పలేకపోయాను. ఈ రోజు ఇక్కడికి రావడానికి కారణం అదే.

మీ ముందు ఇప్పుడు ఒక ప్రశ్న ఉంది. పేరు లేకుండా మూటల్లో అమ్ముకుంటూనే ఉందామా, మన పేరు పెట్టుకుని ప్యాకెట్లు చేద్దామా? దీని మీద మీరు తీర్మానం చేయబోతున్నారు. దానికి ముందు నాకు తెలిసిన నాలుగు మాటలు చెబుతాను.

మొదట పేరు సంగతి. కర్నూలు పాత పేరు కందనవోలు. ఆలంపురం గుడికి రాళ్లు తోలే బండ్లు తుంగభద్ర దాటేముందు ఇక్కడ ఆగి ఇరుసులకు కందెన పూసుకునేవని, అందుకే ఆ పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు. అంటే మన ఊరి పేరులోనే బండి తోలినవాళ్ల కష్టం ఉంది. కడప అంటే గడప, తిరుమలకు పోయేవాళ్ల గడప. ఇట్లాంటి పేర్లు డబ్బిచ్చినా దొరకవు.

కానీ పేరును కాపాడుకోకపోతే ఏమవుతుందో కూడా కడపే చెబుతుంది. ముంబయిలో వంటింటి గట్టు మీద పరిచే నల్ల బండను "కడప్పా" అంటారు. అది ఊరి పేరని చాలామందికి తెలియదు, రాయి పేరనుకుంటారు. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు గనుల్లో ఆ బండ తీసినవాళ్ల ఇంటికి ఆ పేరు వల్ల అదనంగా ఒక్క రూపాయి రాలేదు. మన పేరు దేశమంతా తిరిగింది గానీ ఇంటికి ఏమీ తేలేదు.

పేరును నిలబెట్టుకున్నవాళ్లూ మన దగ్గరే ఉన్నారు. మా ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప గారు చేనేత సహకార సంఘం పెట్టారు. అంతకుముందు నేతగాడు నూలు ఎవరి దగ్గర తెచ్చుకుంటే గుడ్డ వాళ్లకే ఇవ్వాలి, వాళ్లు చెప్పిందే ధర. సంఘం వచ్చాక నూలు, నేత, అమ్మకం అన్నీ ఒకచోటికి వచ్చాయి, గుడ్డ మీద ఊరి సంఘం పేరు పడింది. సోమప్ప గారికి పద్మశ్రీ కూడా వచ్చింది. మా నాయన నేసిన దుప్పటి మీద మా నాయన పేరు లేదు. కానీ "ఎమ్మిగనూరు దుప్పటి" అంటే అందులో తనూ ఉన్నాననుకునేవాడు. సంఘం పేరుకు ఉన్న బలం అది.

లేపాక్షి సంగతి చూడండి. మన సీమలోని ఊరు. ఒకే రాతిలో చెక్కిన బసవన్న ఉన్న ఊరు. ఆంధ్రప్రదేశ్ హస్తకళల సంస్థ తన దుకాణాలకు ఆ పేరే పెట్టుకుంది. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణ సంస్థ "గోల్కొండ" అని పెట్టుకుంది. బోర్డు మీద ఆ ఒక్క మాట చూస్తే చాలు, లోపల ఎట్లాంటి సరుకు ఉంటుందో జనానికి అర్థమవుతుంది. బనగానపల్లె మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇక ఎక్కడో పండిన కాయను ఆ పేరుతో అమ్మితే అడిగే హక్కు ఉంది.

ఇంకొకటి, మనలాంటి ఆడవాళ్ల కథ. 1959లో ముంబయిలో ఏడుగురు ఆడవాళ్లు 80 రూపాయలు అప్పు తెచ్చి మేడ మీద అప్పడాలు ఒత్తడం మొదలుపెట్టారు. అదే లిజ్జత్. ఆ పేరు 1962లో పోటీ పెట్టి ఎంచుకున్నారు. గెలిచినామెకు ఇచ్చిన బహుమానం 5 రూపాయలు. పేరుకు ఖర్చయింది అంతే. మొదట్లో మంచి రకం ఒకటి, తక్కువ ధరకు ఇంకో రకం చేసేవాళ్లు. వాళ్లకు అప్పిచ్చిన పెద్దాయన, ఒకే రకం చేయండి, అది మంచిదే చేయండి అన్నాడు. వాళ్లు ఆ మాట విన్నారు. ఎక్కడ ఒత్తినా ఒకే రుచి రావడం వల్లనే ఆ పేరు నిలబడింది.

ఇక పనిలోకి వద్దాం. మీ పొడి కోసం నేను చేసిన నమూనా ఈ పుస్తకం వెనక అట్ట మీద ఉంది. ఎందుకు అట్లా చేశానో చెబుతాను.

పేరు దగ్గరే పెద్ద వాదన జరిగింది. కర్నూలు అక్కలు "బుడ్డల పొడి" అన్నారు. కడప అక్కలు "చెనిక్కాయల పొడి" అన్నారు. ఇద్దరిదీ నిజమే. కానీ విజయవాడలో కొనేవాళ్లకు రెండూ తెలియకపోవచ్చు. అందుకని పెద్ద అక్షరాల్లో "వేరుశనగ పొడి" అని పెట్టి, కింద మన రెండు మాటలూ రాశాను. పేరు పక్కన ఊరు, జిల్లా కచ్చితంగా ఉండాలన్నాను. "కర్నూలు" అనో "కడప" అనో ఒట్టి ఊరి పేరును ఏ ఒక్కరూ తమ సొంతమని నమోదు చేసుకోవడం కష్టం, అది అందరిదీ. కాబట్టి మనకంటూ వేరే పేరు ఉండాలి, దాని కింద ఊరు ఉండాలి.

బొమ్మగా ముసలమ్మను గీయలేదు. మనిషి ఫొటో కూడా పెట్టలేదు. అధ్యక్షురాలి ఫొటో పెడదామని కొందరు అన్నారు. అక్క ఏమీ అనుకోవద్దు, అధ్యక్షురాలు మారినప్పుడల్లా ప్యాకెట్ మార్చలేం. రోలు, రోకలి మాత్రం గీశాను. ఒకవేళ రేపు మీరు మిషన్లో పట్టించడం మొదలుపెడితే ఆ బొమ్మ తీసేయాలి. దంచనిదాన్ని దంచినట్టు చూపిస్తే అది అబద్ధమే.

రంగులు రెండే వాడాను. రంగు పెరిగేకొద్దీ ముద్రణ ఖర్చు పెరుగుతుంది. అచ్చు వేసిన ప్యాకెట్లు తక్కువ సంఖ్యలో ఇమ్మంటే ఇవ్వరు, వేలల్లో తీసుకోవాలి. అందుకని మొదట సాదా ప్యాకెట్ మీద స్టిక్కర్ అంటిద్దాం. అమ్మకం కుదిరాక అచ్చు ప్యాకెట్లకు పోదాం. స్టిక్కర్ కాగితానికి నూనె అంటితే అక్షరం మసకబారుతుంది, కాబట్టి పైన ప్లాస్టిక్ పొర ఉన్నదే తీసుకోండి.

వెనక పక్క చట్టం అడిగేవి ఉండాలి. ఇవి ఒక్కటీ మరచిపోవద్దు. పొడి పేరు, అందులో వేసినవన్నీ ఎక్కువ తూకంతో మొదలుపెట్టి వరుసగా, పోషక విలువలు, నికర తూకం, తయారైన తేదీ, ఎప్పటిలోగా వాడాలో ఆ తేదీ, బ్యాచ్ నంబరు, అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ ధర, మన పూర్తి చిరునామా, ఫిర్యాదుకు ఫోన్ నంబరు, ఆహార భద్రత సంస్థ ఇచ్చిన 14 అంకెల నంబరు, శాకాహారమని చెప్పే ఆకుపచ్చ చతురస్రంలో చుక్క. వేరుశనగ కొందరికి పడదు, ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి "ఇందులో వేరుశనగ ఉంది" అని విడిగా రాయాలి. ఈ వివరాలు ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఉండాలి, తెలుగు ఒక్కటే ఉంటే చాలదు. దానికి తోడుగా తెలుగు పెట్టుకోవచ్చు, పెట్టుకుందాం. మన ప్యాకెట్ మన అమ్మలు చదవగలగాలి కదా.

చీరలు నేసే సంఘాల అక్కలకు ఒక మాట. మాధవరం వైపు మగ్గాలున్నవాళ్లు వింటున్నారనుకుంటాను. 2006 నుంచి చేనేత గుర్తు అనే ముద్ర ఉంది. అది ఉంటే మరమగ్గం చీర కాదని కొనేవాళ్లకు నమ్మకం. ఎంత అందమైన పెట్టె చేసినా ఆ నమ్మకం పెట్టె తేలేదు.

ఇప్పుడు అసలైన జాగ్రత్త. ఈ పేరును ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేయించాలి. ఆన్‌లైన్‌లో ఒక్కో తరగతి సరుకుకు వ్యక్తులకు, చిన్న సంస్థలకు 4,500 రూపాయలు, మిగతావాళ్లకు 9,000 రూపాయలు రుసుము. పదేళ్లు ఉంటుంది, తర్వాత పొడిగించుకోవచ్చు. దరఖాస్తు సమాఖ్య పేరు మీదే పెట్టండి. నా పేరు మీద వద్దు, అధ్యక్షురాలి పేరు మీద వద్దు, ముద్రించే ఆయన పేరు మీద అసలే వద్దు. డిజైన్ అసలు ఫైలు ప్రెస్సులో వదిలేయొద్దు. రెండు పెన్‌డ్రైవుల్లో పెట్టి ఒకటి ఆఫీసు బీరువాలో, తీర్మానాల పుస్తకం పక్కన ఉంచండి.

మూటల వ్యాపారం వెంటనే ఆపేయమని నేను చెప్పడం లేదు. ఆ ఆర్డరు మీద ఎంతమంది ఇళ్లు గడుస్తున్నాయో నాకు తెలుసు. సొంత ప్యాకెట్ అంటే అమ్ముడుపోని సరుకు వెనక్కి వస్తుంది, ఆ నష్టం మనదే. డబ్బు ఆలస్యంగా వస్తుంది. కాబట్టి మొదట కొంత భాగమే మన పేరుతో పంపుదాం, మిగతాది మూటల్లోనే పోనిద్దాం. కానీ కొనేవాళ్లతో కాగితం రాసుకునేటప్పుడు ఒక షరతు పెట్టండి. ముందు వైపు వాళ్ల పేరే ఉండనీ, వెనక "తయారు చేసినవారు" అని మన సంఘం పేరు, ఊరు వేయాలి. ఒప్పుకుంటారా అంటారేమో. సంప్రదాయం అని చెప్పుకుని అమ్మేవాళ్లకు నిజమైన ఊరు, నిజమైన మనుషులు ఉంటే మంచిదే. అడగనిదే వాళ్లు వేయరు. నేను ఆ బల్ల అవతలి వైపు కూర్చుని చూశాను కాబట్టి చెబుతున్నాను.

చివరిగా ఒక మాట. సంఘంలో చేరిన కొత్తలో మా అమ్మ వేలిముద్ర వేసేది. తర్వాత పలక పట్టి సంతకం నేర్చుకుంది. మొదటిసారి బ్యాంకులో సంతకం పెట్టిన రోజు నాకు ఇంకా గుర్తుంది, చేయి వణికింది. ఆ సంతకం పెట్టాక ఆమె ఒక్క కంతు కూడా ఎగ్గొట్టలేదు. లేబుల్ కూడా అంతే. ప్యాకెట్ మీద పేరు పడ్డాక, పుచ్చిన గింజ ఒక్కటి కలిసినా ఆ మాట మన అందరి మీద పడుతుంది. మీ సంఘంలో చేసిన తప్పుకు పక్క ఊరి సంఘం కూడా మాట పడుతుంది. అది ఒప్పుకునేవాళ్లే తీర్మానానికి చేయి ఎత్తండి.

మా అమ్మ ఈ రోజు ఆ మూడో వరుసలో కూర్చుని ఉంది. అమ్మా, నువ్వడిగిన దానికి జవాబు ఇన్నేళ్లకు తెచ్చినాను. వెనక అట్ట చూడు, మీ పేరు ఈసారి ముందు వైపే పెట్టినాను.