క్యారేజ్ షెడ్డు నుంచి ఓల్డ్ ట్రాఫర్డ్ దాకా

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. గురించి, మెడికల్ కార్డుల గురించి మాట్లాడటానికి నాకంటే తెలిసినవారు ఇక్కడ చాలామంది ఉన్నారు. "మీ అబ్బాయి దగ్గర ఇంగ్లండులో మూడు నెలలు ఉండి వచ్చారు కదా, అక్కడి విశేషాలు చెప్పండి" అన్నారు కార్యదర్శిగారు. నేను ఒక్క విశేషమే చెబుతాను. అది మాంచెస్టరులోని ఓల్డ్ ట్రాఫర్డ్ ఫుట్‌బాల్ మైదానం. రిటైరైన రైల్వేవాళ్లకు దానితో పనేమిటి అనుకుంటున్నారేమో! పని ఉంది.

ఆ మైదానం మాంచెస్టర్ యునైటెడ్ క్లబ్బుది. మన మనవలు ఎర్ర చొక్కాలు వేసుకుని తిరిగేది ఆ జట్టు పేరుతోనే. అయితే ఆ క్లబ్బు పుట్టింది రైల్వే షెడ్డులో. 1878లో లాంకషైర్ అండ్ యార్క్‌షైర్ రైల్వేలో, న్యూటన్ హీత్ అనే చోట క్యారేజ్, వ్యాగన్ విభాగంలో పనిచేసేవాళ్లు పెట్టుకున్న జట్టు అది. అంటే మనబోటివాళ్లే. మొదట్లో వాళ్ల చొక్కాలు ఆకుపచ్చ, బంగారు రంగులు. ఆడేది బురదనేలలో. బట్టలు మార్చుకోవాలంటే అర మైలు దూరంలోని సత్రం దాకా నడిచేవారు. 1893లో బ్యాంక్ స్ట్రీట్ అనే మరో మైదానానికి మారితే, అక్కడ పక్కనున్న ఫ్యాక్టరీల పొగ.

1902లో క్లబ్బు 2,670 పౌన్ల అప్పుతో మూతపడే స్థితికి వచ్చింది. జాన్ హెన్రీ డేవీస్ అనే బీరు కంపెనీ యజమాని, మరికొందరు కలిసి నిలబెట్టారు. ఆ ఏడే మాంచెస్టర్ యునైటెడ్ అని పేరు మార్చారు. 1908లో లీగు, 1909లో ఎఫ్.ఎ. కప్పు గెలిచాక, కొత్త మైదానానికి డేవీస్ 60,000 పౌన్లు ఇవ్వజూపాడు. ఆర్చిబాల్డ్ లీచ్ అనే ఇంజనీరు లక్షమందికి సరిపడేలా ప్లాను గీశాడు. ఖర్చు పెరిగేసరికి ఎనభై వేలకు తగ్గించారు. ఎస్టిమేటు ఒకటి, శాంక్షను ఒకటి అన్నది మనకు తెలియని సంగతి కాదు గదా! 1910 ఫిబ్రవరి 19న తొలి మ్యాచ్ జరిగింది. లివర్‌పూల్ చేతిలో 4-3తో ఓడిపోయారు.

తర్వాత రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. ఆ మైదానం పక్కనే ట్రాఫర్డ్ పార్క్ అనే పెద్ద పారిశ్రామిక వాడ. 1941 మార్చి 11న జర్మన్ విమానాలు వేసిన బాంబులకు ప్రధాన స్టాండు కూలిపోయింది. యుద్ధం ముగిశాక కూడా ఆడేందుకు సొంత చోటు లేదు. ఊళ్లోనే ఉన్న ప్రత్యర్థి క్లబ్బు మాంచెస్టర్ సిటీకి అద్దె కట్టి, వాళ్ల మైదానంలో ఆడుకున్నారు. సొంతగడ్డ మీద ఒక్క మ్యాచ్ ఆడకుండానే 1948లో ఎఫ్.ఎ. కప్పు గెలిచారు. 1949 ఆగస్టు 24న గాని సొంత మైదానానికి తిరిగి రాలేదు.

ఇంతకన్నా పెద్ద దెబ్బ 1958 ఫిబ్రవరి 6న తగిలింది. బెల్‌గ్రేడ్‌లో మ్యాచ్ ఆడి వస్తున్న జట్టు విమానం, మధ్యలో మ్యూనిక్‌లో ఆగి తిరిగి ఎగరబోతూ కూలింది. 23 మంది పోయారు. వారిలో ఎనిమిది మంది ఆటగాళ్లు. ఇంటికి చేర్చిన శవపేటికలను ఓల్డ్ ట్రాఫర్డ్ వ్యాయామశాలలోనే ఉంచారు. ఫిబ్రవరి 19న అదే మైదానంలో మళ్లీ మ్యాచ్. ఎవరు ఆడతారో తెలియక, అచ్చువేసిన కార్యక్రమ పత్రంలో యునైటెడ్ ఆటగాళ్ల పేర్ల చోట పదకొండు ఖాళీలు వదిలేశారు. ఆ మ్యాచ్ 3-0తో గెలిచారు.

మా అబ్బాయి నన్ను తీసుకెళ్లి మ్యూనిక్ గడియారం కింద నిలబెట్టాడు. 1960లో పెట్టారు దాన్ని. ప్రమాదం జరిగిన వేళకు ఆగిపోయిన గడియారమేమో అనుకున్నాను. కాదు, నడుస్తోంది. మీద ఆ తేదీ, ఊరి పేరు రాసి ఉన్నాయి. టైము మాత్రం ఈనాటిది. అక్కడే చాలాసేపు నిలబడిపోయాను.

ఇంకొక సంగతి. ఆ స్టేడియం మూడు వైపులా అంతస్తుల మీద అంతస్తులు లేచింది. దక్షిణం వైపు మాత్రం ఒకే అంతస్తు. కారణం, దాని వెనకాలే రైలు పట్టాలు! ఇప్పుడక్కడ దాదాపు 74,000 మంది కూర్చోవచ్చు. పక్కనే లక్షమంది పట్టే కొత్త స్టేడియం కడతామని 2025 మార్చిలో క్లబ్బు ప్రకటించింది. లీచ్ మొదట గీసిన లెక్క ఆ లక్షే. పాతది పోతుందని అక్కడి అభిమానులకు దిగులుగా ఉంది.

ఆ దిగులు నాకు తెలుసు. పోయినేడు ఇదే సభలో, మన పాత హాలు పడగొట్టి కొత్తది కట్టాలన్న తీర్మానాన్ని వ్యతిరేకించినవాణ్ణి నేనే. డ్యూటీ దిగి వచ్చి, వర్క్‌షాపు బట్టలతోనే ఇటుకలు మోసిన నలుగురిలో ఈ రోజు మిగిలింది నేనొక్కణ్ణే. గోడలు పోతే వాళ్లూ పోతారనిపించింది.

ఇప్పుడు నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను. ఆ క్లబ్బు రెండు మైదానాలు వదిలింది, పేరు, రంగులు మార్చుకుంది, బాంబులకు స్టాండు పోగొట్టుకుంది. అయినా బతికింది. ఎందుకంటే పోయినవాళ్ల పేర్లను గోడ మీద రాసి, వాటి ముందే ఆట సాగించింది.

కనుక నాది ఒక్క మనవి. కొత్త హాలు గుమ్మం దగ్గర ఒక బోర్డు పెట్టండి. హాలు కట్టినవారి పేర్లు, డ్యూటీలో పోయినవారి పేర్లు, వారి పని, సంవత్సరం రాయించండి. ఇక్కడున్న అమ్మలు, అక్కయ్యలు, పిల్లలు మీ ఇంటివారి వివరాలు ఒక కాగితం మీద రాసి, భోజనాలకు లేచేలోగా కోశాధికారిగారికి ఇవ్వండి. నాకు గుర్తున్న ముగ్గురి పేర్లు రాసిన కాగితం ఇదిగో, మొదటగా నేనే ఇస్తున్నాను.