నట్టలమందును పెద్దప్రేగు క్యాన్సరును



వాన తప్పిన యేట అనంతపురం మెట్టనేలలలో వేరుసెనగ పోయినను, గొఱ్ఱెలమంద రైతును కొంత కాచును. మంద కడుపులో నట్టలు చేరినపుడు కాపరులు పోయు మందులలో లెవామిసోల్ ఒకటి. 1966లో బెల్జియము నందలి జాన్సెన్ పరిశోధనశాలలో పుట్టిన ఈ మందు, ఒకప్పుడు మనుష్యుల పెద్దప్రేగు క్యాన్సరు చికిత్సలో ప్రవేశించెననిన నమ్ముట కష్టము. కాని అది జరిగినది.

ఆ వ్యాధిలో గడ్డను కోసి తీసివైచినను, కంటికి కానరాని కణములు మిగిలి మరల తలయెత్తుట కలదు. లెవామిసోల్ రోగనిరోధకశక్తిని మేలుకొల్పునని వైద్యులకు తోచినందున, దానిని క్యాన్సరు మందగు ఫ్లోరోయురాసిల్‌తో జతపఱచి చూచిరి. అమెరికా వైద్యుడు మోర్టెలును సహచరులును 1990లో ప్రకటించిన ఫలితము ఇది: గడ్డ సమీప గ్రంథులకు ప్రాకినవారిలో, శస్త్రచికిత్స పిమ్మట ఈ జంటమందు వలన వ్యాధి తిరుగబెట్టుట నూటికి 41 వంతులు, మరణములు 33 వంతులు తగ్గెను. లెవామిసోల్ ఒక్కటే తీసికొన్నవారికి మేలేమియు కానరాలేదు. ఫ్లోరోయురాసిల్ ఒక్కటే పుచ్చుకొన్నవారు ఆ పరీక్షలో లేనే లేరు. కావున బండి లాగినది ఏ యెద్దో తేలలేదు. గొఱ్ఱెకు పైసలలో దొరకు మందునకు మనుష్యుని వద్ద అనేక రెట్లు వెల గుంజుచున్నారని మోర్టెలే 1992లో మండిపడెను. ఆ కోపము న్యాయమైనదే.

తరువాతి పరీక్షలలో గుట్టు బయటపడినది. లెవామిసోల్‌కు బదులు ల్యూకోవొరిన్ చేర్చినచో ఫలితము తగ్గలేదు. లెవామిసోల్ వలన అదనపు లాభము లేదు. పైగా కొందఱిలో తెల్లరక్తకణములు ప్రమాదకరముగా పడిపోయినవి. ల్యూకోవొరిన్ ఫోలిక్ ఆమ్లపు రూపాంతరము. ఆ ఫోలిక్ ఆమ్లమును లెడర్లీ పరిశోధనశాలలో కృత్రిమముగా తయారుచేసిన బృందమునకు నాయకుడు, భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు.

అయినను జోడుకట్టు ఆలోచన చావలేదు. నిరోధక కణములకు శరీరమే వేసిన పగ్గములను విప్పు మార్గము చూపిన ఆలిసన్, హోంజో అను శాస్త్రజ్ఞులకు 2018లో నోబెల్ బహుమానము లభించెను. ఈ మందులు అందఱికి పనిచేయవు. పెద్దప్రేగు క్యాన్సరులో, కణము తన జన్యులిపిని నకలు తీయునపుడు దొర్లు అచ్చుతప్పులను దిద్దుకొనలేని గడ్డలకే ఇవి బాగుగా పనిచేయును. పెద్దప్రేగు క్యాన్సరులలో అట్టివి నూటికి సుమారు 15. అటువంటి రోగులకు శస్త్రచికిత్స పిమ్మట మామూలు మందులతో అటెజోలిజుమాబ్ చేర్చిన పరీక్షాఫలితము 2025లో వెలువడినది. మూడేండ్లకు వ్యాధి తిరుగబెట్టక నిలిచినవారు నూటికి సుమారు 86 మంది. మామూలు మందులే పొందినవారిలో సుమారు 77 మంది.

సంతలో అమ్ము బలవర్ధక చూర్ణములకును ఈ చికిత్సకును సంబంధము లేదు. గొఱ్ఱెలమందును మ్రింగుట ప్రాణాపాయము. మలములో నెత్తురు పడినచో మొలలేయని నెలల తరబడి నాటుమందు వాడుట మన పల్లెలలో వాడుక. దానితోపాటు బరువు తగ్గుట, మలవిసర్జన తీరు మారుట ఉన్నచో ఆలస్యము తగదు. గడ్డ తీసిన పిదప, దానికి దిద్దుబాటు లోపమున్నదో లేదో తెలుపు పరీక్ష చేయించితిరా అని రోగి బంధువులు వైద్యుని అడుగవచ్చును.