వ్రాసి ఉంచిన విధానమే ఉమ్మడి ఆస్తి

ఒక ప్రోగ్రామును, అది నడవడానికి కావలసిన లైబ్రరీలను, ఫైళ్ళను ఒకచోట కూర్చిన మూటనే కంటైనర్ ఇమేజ్ అంటారు. 2013లో డాకర్ వెలువడిన తరువాత ఈ పద్ధతి బహుళ ప్రచారం పొందింది. ఢిల్లీలో కట్టిన మూటను తగిన కంప్యూటరు ఉన్నచో గౌహతిలోను, హైదరాబాదులోను మార్పు లేకుండా నడపవచ్చును.

అయితే మూటను కట్టే విధానం ఒకరి జ్ఞాపకంలోనే మిగిలిపోతే, ఆయన బదిలీ అయిన మరునాడే కార్యాలయం చిక్కులలో పడుతుంది. 2012లో వచ్చిన ఆన్సిబుల్ అనే సాధనం ఈ లోపాన్ని తీర్చగలదు. ఏ ప్యాకేజీ ఉండాలో, ఏ ఫైలు ఎక్కడ ఉండాలో ‘ప్లేబుక్’ అనే పత్రంలో వ్రాస్తాము. కోరిన స్థితి ముందే ఉన్నచోట ఆ సాధనం సాధారణంగా దానిని కదిలించదు. సర్వర్లను తీర్చిదిద్దిన ప్లేబుక్‌తోనే ఇమేజ్‌ను కూడా నిర్మించుకొనవచ్చును.

రెండు జాగ్రత్తలు అవశ్యం. ప్యాకేజీల వెర్షన్లను నిర్దిష్టంగా పేర్కొనాలి. లేనిచో అదే ప్లేబుక్ ఆరు నెలల తరువాత వేరొక ఇమేజ్‌ను ఇవ్వవచ్చును. పాస్‌వర్డులను ఇమేజ్‌లో చేర్చరాదు. ఇమేజ్ పొరలు పొరలుగా ఏర్పడుతుంది కనుక, పై పొరలో తుడిచివేసినది క్రింది పొరలో నిలిచే ఉంటుంది.

ఈ విద్యను అభ్యసించే యువతీయువకులు ముందుగా ప్లేబుక్ వ్రాసి, తోటివారిచేత చదివించి, ఆ పిమ్మటనే ఇమేజ్ కట్టే అలవాటు చేసుకోవాలి. ఆ తోటివారిది ఏ రాష్ట్రమైనా, ఏ భాష అయినా, చదివే పత్రం ఒక్కటే.