తెర మీద వరద, గుమ్మంలో నీళ్ళు



సినిమాల గురించి చెబుతామంటే మనలో ఎవరికైనా హుషారు పుట్టుకొస్తుంది. పర్యావరణం గురించి అంటే మాత్రం, మనలో మన మాట, రేడియో గొంతు తగ్గించి పోపు పెట్టుకోవడానికి లేస్తాం. ఈ రెంటినీ కలిపి మాట్లాడమని పిలిచినప్పుడు నేనూ కాస్త జంకాను. నేను సినిమా విమర్శకురాలిని కాను, శాస్త్రజ్ఞురాలిని అంతకన్నా కాను. ఇంటిపని తెమిలాక సినిమా చూసే మనిషిని. కాకపోతే ఒకసారి వరద మా మెట్ల దాకా వచ్చింది. అప్పటినుంచీ నేను సినిమాలు చూసే చూపు మారింది. ఆ సంగతే ఇవాళ మీతో చెప్పుకుందామని.

మేముండేది హైదరాబాదులో ఒక చెరువు పక్కన కట్టిన అపార్ట్‌మెంటులో, రెండో అంతస్తు. కొనేటప్పుడు బాల్కనీలో నిలబడితే నీళ్ళు కనిపిస్తాయని మురిసిపోయాం. ఆ చెరువు శిఖం ఒకప్పుడు ఎంతదాకా ఉండేదో, నిండినప్పుడు అలుగు నీళ్ళు ఏ దారిన పోయేవో అడగలేదు. అడగలేదనడం కూడా పూర్తి నిజం కాదు. ఆ చుట్టుపక్కల పుట్టి పెరిగిన పెద్దాయన ఒకరు, ఇదంతా ఒకప్పుడు నీళ్ళేనమ్మా అని చూచాయగా అన్నారు. ధర తక్కువ, పిల్లల స్కూలు దగ్గర. విననట్టు ఊరుకున్నాం.

2020 అక్టోబరు 13 రాత్రి చెరువే వచ్చి తన హద్దు చూపించుకుంది. కరెంటు పోయింది. కింది ఇంట్లో ఉండే అత్తయ్యగారు మా తలుపు దబదబా బాదారు. ఆవిడ మాకు చుట్టమేమీ కాదు, వరస కలిపి పిలుచుకుంటాం అంతే. వెళ్ళి చూస్తే వాళ్ళ హాల్లో మడమలు మునిగే నీళ్ళు. బియ్యం బస్తా, పప్పు డబ్బాలు, గ్యాసు సిలిండరు, పెట్టెలో పెళ్ళినాటి చీరలు ఒక్కొక్కటే మోసుకుంటూ మెట్లెక్కాం. అప్పుడు నా మనసులోకి వచ్చిన మాట చెబితే నవ్వుతారు. “ఇది సినిమాలోలా లేదే!” అనుకున్నాను. సినిమాలో నీళ్ళు తాడెత్తు గోడలా వస్తాయి, జనం పరుగులు తీస్తారు, వెనక సంగీతం హోరెత్తుతుంది. ఇక్కడ నీళ్ళు చప్పుడు లేకుండా, మురుగు కంపుతో, దొంగపిల్లిలా మెట్టు మెట్టూ ఎక్కుతున్నాయి. తెల్లారేసరికి అయిదో మెట్టు మీదున్నాయి.

ఆ తర్వాత ఏ సినిమాలో వరద వచ్చినా నేను చూసేది ఒకటే. ఈ నీళ్ళు ఎక్కణ్ణుంచి బయలుదేరాయో సినిమా చెబుతోందా, లేక గుమ్మంలోకి వచ్చాకే చూపిస్తోందా అని.

హిందీలో 2018లో ‘కేదార్‌నాథ్’ అని ఒక చిత్రం వచ్చింది. 2013 జూన్‌లో అక్కడ జరిగిన ఘోరం మీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. కుండపోత వానలు, గుడికి పైనున్న చోరాబారీ సరస్సు గట్టు తెగడం, వేలమంది యాత్రికులు కొట్టుకుపోవడం. సినిమాలో యాత్రికులను మోసే కుర్రవాడికీ పూజారి కూతురికీ ప్రేమ. ఆ లోయలో హోటళ్ళు కడతామనే మాటా, కొండ ఓర్చుకోలేదనే మాటా మధ్యలో వస్తాయి. కానీ వచ్చి వెళ్ళిపోతాయి. చివరికి వరద వచ్చి ప్రేమకథకు ముగింపు పలుకుతుంది. ఎవరి ఇళ్ళు ఎందుకు కొట్టుకుపోయాయో మనకు పట్టదు, నాయకుడి కోసం మాత్రం కళ్ళొత్తుకుంటాం. నేనూ ఒత్తుకున్నాను లెండి, అబద్ధం ఎందుకూ.

దానికన్నా మలయాళంలో 2023లో వచ్చిన ‘2018’ మేలు. తెలుగులోకీ అనువాదమై వచ్చింది కనుక మీలో చాలామంది చూసే ఉంటారు. 2018 ఆగస్టులో కేరళను ముంచిన వరద అందులో కథ. ఆ వరదల్లో 480 మందికి పైగా చనిపోయారు. ఇడుక్కి జలాశయం నిండిపోయి, చెరుతోణి ఆనకట్ట తలుపులు 26 ఏళ్ళ తర్వాత ఎత్తాల్సి వచ్చింది. అప్పుడు చేపలు పట్టే వాళ్ళు తమ పడవలను లారీల మీద వేసుకుని ఊళ్ళలోకి వచ్చి వేలమందిని బయటికి తెచ్చారు. ఎవరూ పిలిచేదాకా ఆగలేదు. సినిమాలో తండ్రి చేపలు పడతాడని చెప్పుకోడానికి నామోషీ పడే కొడుకు ఉంటాడు. ఆ పడవే దేవుడి రథమైనప్పుడు వాడి మొహం చూడాలి! నా మనసుకు పట్టిన ఘట్టం అది.

అయితే ఏ మాటకామాటే చెప్పుకోవాలి. పడమటి కనుమల్లో రాళ్ళ క్వారీలకూ కట్టడాలకూ హద్దు పెట్టమని మాధవ్ గాడ్గిల్ గారి సంఘం 2011లోనే కేంద్రానికి నివేదిక ఇచ్చింది. ఆ గొడవలోకి సినిమా పెద్దగా దిగదు. మనుషుల మంచితనం చూపించి మనసు తేలిక చేస్తుంది. మంచితనం అబద్ధమని కాదు. అది రెండో సగం. మొదటి సగం మనం చూడలేదు.

ఇక్కడ మన దివిసీమ గుర్తుకు రాక మానదు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి పదివేలకు మించి ప్రాణాలు తీసుకుంది. ఎన్.టి. రామారావు గారూ, అక్కినేని నాగేశ్వరరావు గారూ ఊరూరా తిరిగి జోలె పట్టి చందాలు పోగు చేశారు. తెర మీది దేవుళ్ళు వీధిలోకి వచ్చి చెయ్యి చాస్తే ఇవ్వని తల్లి ఉంటుందా? మా అమ్మ చేతి గాజు తీసి వేసిందని జీవితమంతా చెప్పుకుంది. ఆ జోలె గురించి ఇవాళ్టికీ చెప్పుకుంటాం. మరి 1990 మే నెలలో ఇంచుమించు అంత బలమైన తుపానే మళ్ళీ మన కోస్తాను కొట్టింది. ఈసారి పోయినవాళ్ళు సుమారు వెయ్యిమంది. అదీ తక్కువేం కాదు. కానీ పదివేలెక్కడ, వెయ్యెక్కడ? రేడియోలో ముందుగా హెచ్చరికలు వచ్చాయి, లక్ష మందికి పైగా జనాన్ని తీరం నుంచి ముందే తరలించారు. దాని మీద ఒక సినిమా తీయండి చూద్దాం! ఎడ్లబండ్లూ లారీలూ ఎక్కి జనం వెళ్ళిపోయారు, గాలి కొట్టింది, మళ్ళీ వచ్చారు. టిక్కెట్టు కొని ఎవరు చూస్తారు? ప్రాణం పోతేనే కథ, నిలిస్తే కథ కాదు. సినిమాకున్న పెద్ద లోటు ఇదేనని నాకనిపిస్తుంది.

నీళ్ళు ముంచకుండా కూడా ఇల్లు పాడుచేయగలవు. ఆ సంగతి చెప్పే సినిమా ఇంగ్లీషులో 2000లో వచ్చిన ‘ఎరిన్ బ్రొకోవిచ్’. ఇది జరిగిన కథ. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో హింక్లీ అనే చిన్న ఊరు. అక్కడ గ్యాసు పంపించే కేంద్రంలో ఇనుము తుప్పు పట్టకుండా క్రోమియం వాడి, ఆ నీళ్ళను 1952 నుంచి 1966 దాకా అడుగున ఏ పూతా లేని గుంటల్లోకి వదిలారు. అది భూమిలోకి ఇంకి ఊరి బావుల్లోకి చేరింది. నీళ్ళు చూస్తే తేటగానే ఉంటాయి. సంగతి బయటికి లాగినావిడ లాయరు కాదు, డాక్టరు కాదు. భర్తల నుంచి విడిపోయి, ముగ్గురు పిల్లలతో, లాయరు ఆఫీసులో ఫైళ్ళు సర్దే ఉద్యోగం చేసుకునే ఆవిడ. ఇళ్ళ అమ్మకం ఫైల్లో రక్తపరీక్ష కాగితాలెందుకున్నాయి అన్న చిన్న అనుమానంతో మొదలుపెట్టింది. మన బీరువాలో కరెంటు బిల్లుల మధ్య ఎవరిదో మందులచీటీ కనిపిస్తే మనం అడగమూ? అదే ఆవిడ అడిగింది. ఇంటింటికీ తిరిగి తల్లుల దగ్గర కూర్చుని, ఎవరికి ఏ జబ్బు, ఎప్పటినుంచి అని రాసుకుంది. చివరికి 1996లో కంపెనీ ఆ ఊరివాళ్ళకు 33 కోట్ల 30 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది.

ఆ సినిమాలో ఒక తల్లికి ఆ నీళ్ళ సంగతి చెబుతుంటే, బయట ఆవిడ పిల్లలు అదే నీళ్ళ కొలనులో ఈదుతుంటారు. మాట పూర్తవకుండానే ఆ తల్లి కేకలు వేస్తూ పరుగెత్తుతుంది. పెద్ద అల లేదు, గాలివాన లేదు, ఎండ కాస్తోంది. అయినా నా చేతులు చల్లబడ్డాయి. పటాన్‌చెరు పరిసరాల్లో ఫ్యాక్టరీల వ్యర్థాలతో పాడైన చెరువుల గురించి చదివినప్పుడల్లా నాకు ఆ పరుగే కళ్ళకు కడుతుంది.

ఇక నేను అసలు చెప్పాలనుకున్న సినిమా. సౌందర్యను మరిచిపోయారా? ‘అమ్మోరు’, ‘పవిత్రబంధం’, ‘అంతఃపురం’లో మనింటి పిల్లలా ఉండే సౌందర్య. 2004లో విమాన ప్రమాదంలో పోయింది. పోవడానికి రెండేళ్ళ ముందు సొంత డబ్బు పెట్టి కన్నడంలో ‘ద్వీప’ అనే చిత్రం నిర్మించి, తనే నటించింది. నా. డిసౌజా గారి నవల ఆధారంగా గిరీశ్ కాసరవళ్ళి గారు తీశారు. ఉత్తమ చిత్రంగా జాతీయ బహుమతి వచ్చింది.

కథ చిన్నది. ఆనకట్ట కడతారు. ఊళ్ళవాళ్ళు పరిహారం పుచ్చుకుని వెళ్ళిపోతారు. కొండ మీద గుడి పూజారి ముసలాయనా, కొడుకూ, కోడలు నాగీ మిగులుతారు. ఇచ్చే డబ్బు ఏ మూలకూ రాదు. ఇంకో ఊరు పోతే ఈ పూజారి ఎవరికి పూజారి? గుడికి గుడి ఇస్తారేమో గానీ మర్యాదకు మర్యాద ఎవరిస్తారు? వాన మొదలవుతుంది. కొండ చుట్టూ నీళ్ళు పెరుగుతుంటాయి. రోజుకింత, రోజుకింత. మా మెట్ల మీద ఎక్కినట్టే. ఇది మనకు కొత్త కథ కాదండీ. శ్రీశైలం జలాశయంలో మునిగిన సంగమేశ్వరం గుడి వేసవిలో నీళ్ళు తగ్గినప్పుడు బయటపడితే దర్శనానికి వెళ్ళి వస్తాం. చుట్టూ మునిగిన ఇళ్ళ వంటగదుల సంగతి ఆ రోజు ఎవరికి గుర్తొస్తుంది?

నీళ్ళు పెరిగిన ఆ గడ్డు రాత్రి ఇంటిని నిలబెట్టేది నాగి. భయపడకుండా, కూలబడకుండా, చేతికందిన ప్రతి పనీ చేసి మొగుణ్ణీ ఇంటినీ కాచుకుంటుంది. తెల్లారి నీళ్ళు తగ్గుముఖం పడితే భర్త ఏమంటాడనుకున్నారు? అంతా దేవుడి దయ అంటాడు. అప్పుడు సౌందర్య మొహం చూడండి. ఒక్క మాట ఉండదు.

నేను ఆ సినిమా చూసింది మా ఇంటికి నీళ్ళొచ్చిన మరుసటి ఏడాది. చూసి చాలాసేపు లేవలేకపోయాను. ఎందుకంటే మా అపార్ట్‌మెంటు సంఘం సమావేశంలోనూ అదే జరిగింది. మగవాళ్ళంతా కూర్చుని, దేవుడి దయవల్ల ప్రాణనష్టం లేదన్నారు. కొత్త మోటారు కొనాలని తీర్మానించారు. ఆ రాత్రి బస్తాలు మోసిన ఆడవాళ్ళ మాట ఒక్కరూ ఎత్తలేదు. అది పోనీ, మనకు అలవాటే. కానీ చెరువు అలుగు దారిలో ఏం కట్టారు, నాలా ఎక్కడ పూడింది అన్న మాట కూడా ఎత్తలేదు. నేను మాత్రం ఎత్తానా? వెనక నిలబడి టీలు అందించాను. ఆ నాలాలో మా వంటింటి ప్లాస్టిక్ సంచులు ఎన్ని పడ్డాయో నాకు తెలుసు కనుక నోరు పెగల్లేదు.

రెండో సమావేశంలో అడిగాను. గొంతు వణికింది గానీ అడిగాను. సర్వే పటం తెప్పించమన్నాను. తెప్పిస్తే మన ఫ్లాట్ల ధర పడిపోతుందమ్మా అని ఒకాయన మెల్లగా అన్నారు. ఆయన అన్నదీ నిజమే. మేమూ జీతంలో సగం అప్పు కింద కట్టేవాళ్ళమే. ఆ కాగితం ఇంకా రాలేదు. అడగడం మాత్రం నేను మానలేదు, ఇప్పుడు కింది అత్తయ్యగారు కూడా నాతో వస్తున్నారు.

మొన్న ఆవిడకు ‘ద్వీప’ కథ చెబుతుంటే మధ్యలో ఆపి, “అది సరేనే, నీళ్ళొచ్చినప్పుడు ఆ పిల్ల బియ్యం ఎక్కడ దాచిందీ?” అని అడిగారు. నేను గమనించలేదు. ఈసారి ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చూస్తాను.