సైలెన్సర్ తుప్పు: తుడిస్తే పోయేది, తుడిచినా పోనిది

(శుక్రవారం మీటింగులో చెప్పిన మాటలు. డ్యూటీ వల్ల రాలేకపోయినవాళ్ల కోసం రాసి పంపుతున్నాం.)



పాత బండి మీద డెలివరీ చేసేవాళ్లు మన గ్రూపులో చాలామంది ఉన్నారు. ఈమధ్య గ్రూపులో తుప్పు పట్టిన సైలెన్సర్ ఫోటోలే ఎక్కువగా వస్తున్నాయి. కింద ఒకటే ప్రశ్న: "అన్నా, పాలిష్ చేస్తే పోతుందా, కొత్తది వెయ్యాలా?" ఫోటో చూసి ఎవరూ సరిగ్గా చెప్పలేరు. బండి దగ్గర కూర్చుని మీరే తేల్చుకునే పద్ధతి చెప్తాను.

మెరిసే పైపు అంటే లోపల ఉండేది మామూలు ఇనుమే. దాని మీద నికెల్ పూత, ఆ పైన క్రోమ్ పూత. ఆ క్రోమ్ తల వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు పల్చన. దానికి కంటికి కనబడని పగుళ్లు ఉంటాయి. మనం ఉండేది సముద్రం పక్కన. పగలంతా దుమ్ము పడుతుంది, రాత్రి తేమకి ఆ దుమ్ము తడిసి ఉప్పుతో సహా పైపుకి అంటుకుంటుంది. ఆ తడి పగుళ్లలోంచి ఇనుము దాకా పోతుంది. లోపల తుప్పు ఉబ్బి పూతను పైకి నెట్టేస్తుంది. పూత రాలిన చోట గుంట పడుతుంది. గుంట పడిందంటే అక్కడ లోహం పోయినట్టే. ఏ పాలిష్ కూడా దాన్ని తిరిగి తేలేదు.

ఇంకో తుప్పు లోపలి నుంచి వస్తుంది. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీళ్లు ఆవిరిగా బయటికి వస్తాయి. సైలెన్సర్ బాగా వేడెక్కితే ఆ ఆవిరి బయటికి పోతుంది. వేడెక్కకముందే బండి ఆపేస్తే నీళ్లు లోపలే నిలుస్తాయి. అందుకే రోజంతా తిరిగే బండికన్నా, రూమ్ నుంచి దుకాణం దాకా మాత్రమే తిరిగే బండికే ఇది ఎక్కువ. కొన్ని సైలెన్సర్లకి అడుగున చిన్న బెజ్జం ఉంటుంది. అది కంపెనీవాడు నీళ్లు కారడానికి పెట్టింది. చిల్లు అనుకుని వెల్డింగ్ పెట్టించొద్దు.

ఇప్పుడు పరీక్ష. బండి పూర్తిగా చల్లారాక చెయ్యండి. స్క్రూడ్రైవర్ పిడితో పైపు పొడుగునా తట్టండి. గట్టిగా మోగితే మంచిది, బొంగురు శబ్దం వస్తే అక్కడ రేకు పల్చబడింది. గుంటల్లో స్క్రూడ్రైవర్ మొనతో కాస్త నొక్కండి. దిగిందంటే ఆ పైపు పని అయిపోయింది. గుంట చుట్టూ, జాయింట్ల చుట్టూ నల్లటి మసి ఉంటే అప్పటికే పొగ లీకవుతోంది. తర్వాత ఆరుబయట స్టార్ట్ చేసి వినండి. ఇంజన్ దగ్గర టక్ టక్ అంటే ప్యాకింగ్ పోయుండొచ్చు. ఎక్సలేటర్ వదిలినప్పుడు ఠప్పు ఠప్పుమంటే ఎక్కడో గాలి దూరుతోందేమో చూడాలి.

చిల్లు ఎక్కడుందన్నదే అసలు సంగతి. వెనక తోక దగ్గరుంటే ముఖ్యంగా చప్పుడు సమస్య. ఆ చప్పుడు కూడా చిన్న విషయం కాదు. యూఏఈలో బండి ఎక్కువ మోత చేస్తే 2,000 దిర్హాముల జరిమానా, 12 బ్లాక్ పాయింట్లు. చిల్లు ముందు, ఇంజన్ దగ్గర ఉంటే మాత్రం పొగ మీ కాళ్ల దగ్గరే బయటికొస్తుంది. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. బండి పరిగెడుతున్నప్పుడు గాలికి చెదిరిపోతుంది. సిగ్నల్ దగ్గర, మరీ ముఖ్యంగా బేస్‌మెంట్ పార్కింగులో ఆగినప్పుడు మీ చుట్టూ నిలుస్తుంది. తలనొప్పి, తిప్పడం, వాంతి వచ్చినట్టుండడం. మనం ఎండదెబ్బ అనుకుని మాత్ర వేసుకుని మళ్లీ బండెక్కుతాం. అలా అనిపిస్తే ఇంజన్ ఆపి బయటి గాలిలోకి రండి, తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లండి. మూసిన గదిలో, స్టోర్‌లో ఇంజన్ అసలు తిప్పొద్దు.

పై తుప్పే అయితే ఖర్చు లేదు. ఖుబూస్ చుట్టి ఇచ్చే సిల్వర్ ఫాయిల్ ఉండ చేసి, నీళ్లలో ముంచి మెల్లగా రుద్దండి. అల్యూమినియం క్రోమ్ కన్నా మెత్తన కాబట్టి గీతలు పడవు. తర్వాత కడిగి, ఆరబెట్టి, మైనం పట్టించండి. ఎమరీ పేపరు పెట్టారంటే ఉన్న క్రోమ్ కూడా పోతుంది. బాత్రూమ్ కడిగే యాసిడ్ పొయ్యొద్దు. మొదట తెల్లగా మెరుస్తుంది, వారం తిరక్కుండా ముందుకన్నా ఎర్రగా అవుతుంది.

గుంటలు పడి గట్టిగా ఉన్న పైపుకి అందం వదిలేసి నల్ల రంగు వేయడమే మేలు. మామూలు స్ప్రే కాలిపోతుంది. 600 డిగ్రీలు తట్టే సైలెన్సర్ పెయింట్ అడగండి. తుప్పు గీకి, నూనె జిడ్డు తుడిచి, పల్చగా రెండు మూడు సార్లు కొట్టండి. డబ్బా మీద రాసినట్టు కొంచెం కొంచెంగా వేడి చేస్తేనే గట్టిపడుతుంది. పాత క్రోమ్ గ్రైండర్‌తో గీకితే ఆ దుమ్ము మంచిది కాదు, మాస్కు పెట్టుకోండి.

ఒక్క చిల్లు, చుట్టూ రేకు గట్టిగా ఉంటే వెల్డింగ్ నిలుస్తుంది. నాలుగు చిల్లులుంటే అది ప్యాచ్‌ల మీద ప్యాచ్‌లే, డబ్బు దండగ. మనలో వెల్డర్లు ఉన్నారు, వాళ్లకి తెలిసిందే: జింకు పూత రేకు ముక్క పెట్టి అతికితే ఆ పొగకి సాయంత్రానికి చలిజ్వరం వస్తుంది. మామూలు రేకే వాడండి, సైలెన్సర్ బండి నుంచి విప్పాకే అతకండి.

విప్పడంలోనే చాలామంది దెబ్బతింటారు. ఇంజన్ దగ్గరి నట్లు తుప్పుతో పట్టేసి ఉంటాయి. బలం పెడితే స్టడ్ విరిగి ఇంజన్ హెడ్‌లో ఉండిపోతుంది. ఆ ఖర్చు ముందు కొత్త సైలెన్సరే చవక. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి. తెల్లారి కాస్త బిగించి, కాస్త వదులుచేస్తూ తిప్పండి. బిగించేటప్పుడు కొత్త ప్యాకింగ్ తప్పకుండా వెయ్యండి.

కంపెనీ బండి అయితే జేబులోంచి పెట్టకముందే ఫోటో తీసి సూపర్‌వైజర్‌కి మెసేజ్ పెట్టండి. నోటిమాట రేపు ఎవరికీ గుర్తుండదు.

చివరగా ఊళ్లో ఉన్న బండి. రెండేళ్లకోసారి సెలవు మీద పోయేవాళ్లు వచ్చేముందు బండిని అరగంట తిప్పి, లోపలి తడి ఆరాక, చల్లారనిచ్చి సైలెన్సర్ మూతికి గుడ్డ కుక్కండి. కోనసీమ, శ్రీకాకుళం లాంటి సముద్రం వైపు ఊళ్లవాళ్లకి ఇది మరీ అవసరం. గుడ్డ పెట్టిన సంగతి తాళానికి చీటీ కట్టి రాసిపెట్టండి, తమ్ముడో కొడుకో తెలీక కిక్కు కొడతాడు.