త్రాసు నొద్ద శీలము



బౌద్ధము సన్న్యాసులకే గాని అంగడివారికి కాదని మనలో పలువురి తలంపు. అమరావతీ స్తూపమునకు దానములిచ్చిన వారిలో వర్తకులును చర్మకారులును కలరని అచటి శాసనములే చెప్పుచున్నవి. ఆయుధములు, మనుష్యులు, మాంసము, మద్యము, విషము: ఈ 5 వర్తకములు ఉపాసకునకు తగవని బుద్ధుడు బోధించెను. ఇవి మా అంగడిలో లేవని మేము గర్వించియుంటిమి. కాని దీఘనికాయమున దొంగతూకమును గూడ దోషముగనే చెప్పిరి. మా గుట్టు అచ్చటనే బయటపడినది.

ఖర్జూరమును అట్టపెట్టెతో సహా తూచుట మాకు చిరకాలపు అలవాటు. ఒకనాడొక ముసలమ్మ, "అట్టకు గూడ ఖర్జూరపు ధరయేనా, నాయనా?" అని యడిగెను. మాకు మొదట కోపమే వచ్చినది. 1956లో ఆచార్య బుద్ధరక్షితులు గాంధీనగరమున స్థాపించిన మహాబోధి సంఘములో, ఊపిరి రాకపోకలను గమనించు ఆనాపానసతిని కొంత నేర్చియుంటిమి. ఆ క్షణమున త్రాసు నొద్దనే నిలిచి గమనించితిమి. కోపము క్రింద సిగ్గు కనబడెను.

నాటినుండి పెట్టె బరువు తీసివేయుచున్నాము. లాభము తగ్గిన మాట నిజము. ఇరుగుపొరుగు వర్తకులకు మాపై అలుకయు కలదు. వారిలో కొందఱు ఈ సభయందే యున్నారు! దసరా బేరములకు ముందే మన సంఘ వర్తకులెల్లరు ఈ పద్ధతి నవలంబింపవలెనని కోరుచున్నాము. సందేహము కలవారు మా అంగడికి వచ్చి ఖాళీపెట్టెను స్వయముగా తూచి చూడవచ్చును.